గేటు బయటి నీళ్ళు

నిశ్చయంగా చెప్పగలిగినవి ముందు చెబుతాను. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న రోజుల్లో ఒక ఉదయం, విజయవాడ రహదారి మీద పెద్ద అంబర్‌పేట్ దాటాక ఉన్న ఒక వినోదాల పార్కు గేటుకు రేకు బోర్డు కట్టి ఉంది. దాని మీద ఎర్రరంగుతో "ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ లోపలికి అనుమతించబడదు" అని రాసి ఉంది. బోర్డు కింద రెండు నీలి డ్రమ్ములున్నాయి. మా కింది వాటాలో ఉండే ఆవిడ చేతిసంచిలో మూడు నీళ్ళ సీసాలున్నాయి. ఇవన్నీ నేను కళ్ళారా చూసినవి.

మిగతావి విన్నవి. పార్కు వెనక మేసే ఆవు ఒకటి చిప్సు కవర్లు తిని చచ్చిపోయిందనీ, అందుకే ఈ నిషేధమనీ ఒకరన్నారు. ఆవును చూసినవాళ్ళు మాత్రం వరసలో ఎవరూ లేరు. సీసాల్లో పెట్రోలు తెస్తారన్న అనుమానంతో పోలీసులే పెట్టించారని మరొకరన్నారు. లోపలి దుకాణాల్లో అమ్మకాలు పెంచుకోవడానికి యాజమాన్యం పన్నిన ఎత్తని ఇంకొకరన్నారు. ఈ మూడోది నాకు నమ్మదగినదిగా తోచింది. నమ్మదగినదిగా తోచడం రుజువు కాదని పదిహేనేళ్ళుగా పిల్లలకు చెబుతున్నవాణ్ణి కనుక దాన్నీ విన్నవాటిలోనే చేరుస్తున్నాను.

అప్పట్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటరులో రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి. బంద్ ప్రకటించిన రోజుల్లో తెల్లవారుజామునే షట్టరు సగానికి దించి, మైకు లేకుండా, గొంతు తగ్గించి ఆమ్లాలూ క్షారాలూ బోధించేవాళ్ళం. సమ్మె ముదిరాక అదీ ఆగిపోయింది. బస్సులు డిపోల్లో ఉండిపోయాయి, బడులు మూతబడ్డాయి. ఎల్‌బీనగర్‌లో మా వీధి పిల్లలకు ఆడిన ఆటలే ఆడీ ఆడీ విసుగు పుట్టింది. మా అమ్మాయి, కింది వాటా పాప ఒకే బడిలో రెండో తరగతి. ఇద్దరూ కలిసి ఆ పార్కు పేరు జపం చేయడం మొదలుపెడితే, ఒకరోజు తీసుకెళ్ళక తప్పలేదు.

కింది వాటావాళ్ళది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. ఆయన ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా సెవెన్ సీటర్ ఆటో నడిపేవాడు. ఆవిడ ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చినవాళ్ళం. నా భార్య ఆవిడను అక్కా అనేది, ఆవిడ నా భార్యను అక్కా అనేది. ఎవరు పెద్దో ఇద్దరూ తేల్చుకోలేదు. కింది వాటా భార్యాభర్తలిద్దరికీ నేను మాత్రం సారునే.

ఆవిడ నీళ్ళ విషయంలో చాలా కఠినంగా ఉండేది. మా వీధికి నల్లా రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజు ఆవిడ లీటరు సీసాలు పన్నెండు నింపి గోడ వెంట వరసగా పెట్టేది. ఏ నల్లా నీళ్ళు ముందువో, ఏవి తర్వాతివో తెలియడానికి సీసాల మెడకు కుట్టుదారాలు కట్టేది, ఒక రోజుకు ఎరుపు, ఒక రోజుకు ఆకుపచ్చ. నేను ఏ ప్రయోగశాలలోనూ ఇంత నిక్కచ్చిగా గుర్తులు పెట్టడం చూడలేదు. పల్లె నుంచి పట్నానికి బియ్యమో పచ్చడో తెచ్చుకోవడం లోకంలో ఉన్న పద్ధతి. ఆవిడ పుట్టింటికి వెళ్ళేటప్పుడు పట్నం నుంచి నీళ్ళు మోసుకెళ్ళేది.

కారణం ఆవిడ అన్న. వాళ్ళ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళే తాగిన ఆయనకు ముప్పై దాటేసరికి నడుము వంగిపోయింది, మోకాళ్ళు ముడుచుకుపోయాయి. ఒకసారి వైద్యానికని తీసుకొస్తే నేను చూశాను. మంచం మీద నుంచి నా వైపు తిరగాలంటే ఆయన మెడ విడిగా తిరగలేదు, మొత్తం మనిషి తిరగవలసి వచ్చింది.

"మా ఊరి పక్కకెల్లే పైపు పోతది సారు," అన్నదావిడ ఆ రోజు. "మీకొచ్చే కృష్ణా నీళ్ళు గవే. పైపుకు చెవి పెడితే సప్పుడు ఇనొస్తది. తాగుదామంటే మాత్రం గీడిదాక రావాల్సొచ్చింది."

భూమిలో పాతిన గొట్టానికి చెవి ఎలా పెట్టారని నేను అడిగాను. ఆవిడ నవ్వింది. "ఊరి బయట మీదికి తేలి ఉంటది సారు. నమ్మకం లేకుంటే తోల్కపోయి చూపెడ్త."

ఆవిడ నియమం ఒక్కటే: కూతురు కడుపులోకి ఊరూ పేరూ తెలియని నీళ్ళు పోకూడదు. ఏడేళ్ళ పాపకు అప్పుడే పాలపళ్ళు రాలి ముందు పళ్ళు కొత్తగా వస్తున్నాయి. రోజూ పొద్దున వెలుతురులో నిలబెట్టి, పెదవి పైకెత్తి, పళ్ళ మీద ఫ్లోరైడ్ గార మచ్చ ఉందేమోనని చూసుకునేది.

పార్కుకు ఆయన ఆటోలోనే వెళ్ళాం. మమ్మల్ని గేటు దగ్గర దింపి, బస్సుల్లేని రోజు కనుక బేరాలు బాగుంటాయని ఆయన వెంటనే వెనుదిరిగాడు. సాయంత్రం వచ్చి తీసుకెళ్తానన్నాడు.

టికెట్లు తీసుకున్నాక గాని బోర్డు సంగతి మాకు తెలియలేదు. మా ముందు ఇరవై ముప్పై కుటుంబాలు ఆగిపోయి ఉన్నాయి. గేటు దగ్గరున్న కాపలాదారుకు యాభై ఏళ్ళుంటాయి, గొంతు బొంగురుపోయి ఉంది.

"ప్లాస్టిక్ ఉంటే గీ డ్రమ్ముల ఎయ్యుండ్రి. లేకుంటే ఎనకకు పోండ్రి. నన్నడగకుండ్రి, నాకు చెప్పింది గంతే."

అసలు గందరగోళం అక్కడ మొదలైంది. ఒకసారి వాడి పారేసేది అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ మాట అప్పటికి మాకెవరికీ అలవాటు లేదు. పలుచటి కవర్లు వాడొద్దనడం విన్నాం గాని, ఇది విన్లేదు. ఒకాయన పాల ప్యాకెట్టు చూపించి ఇది వస్తుందా అన్నాడు. ఒకావిడ పసిబిడ్డ పాలసీసా చూపించింది. బిస్కెట్ల పొట్లం కాగితమా ప్లాస్టికా అని ఒక జంట చింపి మరీ పరీక్షించుకున్నారు. ఒక కుటుంబం చిప్సు పారేయడం ఇష్టంలేక అక్కడే గొంతుక్కూర్చుని ఐదు పొట్లాలూ తినేసింది. వాళ్ళ పెద్దాయన తింటూ తింటూ, "ఇంతకీ మనం వచ్చింది ఇందుకేనా," అన్నాడు నింపాదిగా.

"మరి నా చెప్పులో?" అని ఒక కుర్రవాడు కాలెత్తాడు. "ఇవీ ప్లాస్టిక్కే."

"ఏసుకో బిడ్డా," అన్నాడు కాపలాదారు. "ఎండల కాళ్ళు కాలుతయ్. నాకు గంత తెలివి లేదనుకుంటున్నవా?"

వరసలో మా వెనక సఫారీ దుస్తుల్లో ఒకాయన ఉన్నాడు. మాటను బట్టి గుంటూరు వైపు మనిషి. నా యాస విని నన్ను తనవాణ్ణి చేసుకున్నాడు.

"ఇదంతా మనల్ని ఉద్దేశించేనండీ. డబ్బాల్లో పులిహోరలూ, పెరుగన్నాలూ కట్టుకొచ్చేది మనమే కదా. రేపు గాలి కూడా పీల్చొద్దంటారు."

ఆయన వెనకే తెల్ల మీసాల పెద్దమనిషి ఒకాయన, సూర్యాపేట వైపు ఆయన, మనవరాలి చెయ్యి పట్టుకుని ఉన్నాడు. ఆయన ఊరుకోలేదు. "మీ మీదికెట్లైతదయ్యా? పార్కు నడిపేటోళ్ళే మీ దిక్కోళ్ళు. మేం సీసాల నీళ్ళు తెచ్చుకుంటే వాళ్ళ దుకాణం నడువదు. గందుకే గీ ఏషం."

"యజమాని మావాడని మీకెవరు చెప్పారండీ?"

"ఎవరు చెప్పాలె? హైవే పొంటి ఏది జూసినా మీదే గద."

"బాగుంది. ఈ కాపలాదారు మీవాడేగా మరి."

"కాపల మాకు, గల్లాపెట్టె మీకు. ఎప్పుడూ గంతే గద," అన్నాడాయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సఫారీ ఆయన కూడా ఇష్టంలేకుండానే కొంచెం నవ్వాడు.

ఒకే బోర్డు ఇద్దరినీ ఒకేసారి అవమానించగలదా అని నేను ఆలోచించాను. తర్కం ప్రకారం కనీసం ఒకరు పొరబడి ఉండాలి, ఇద్దరూ పొరబడి ఉండవచ్చు. పార్కు ఎవరిదని కాపలాదారునే అడిగాను. "నాకు మేస్త్రీ జీతమిస్తడు. మేస్త్రీకెవరిస్తరో నాకెర్క లేదు," అన్నాడు. బోర్డు ఎప్పుడు పెట్టారన్నాను. ఈ పొద్దున్నే అన్నాడు. నేను బోర్డు దగ్గరికి వెళ్ళి వేలితో తడిమాను. రంగు గట్టిగా ఎండిపోయి ఉంది, అక్షరాల అంచుల్లో దుమ్ము పేరుకుని ఉంది. పొద్దున రాసిన అక్షరాలు అలా ఉండవు. రాసింది ఎప్పుడో అయి, కట్టింది మాత్రం ఈ పొద్దున కావచ్చు. అంతకుమించి ఆ బోర్డు నాకేమీ చెప్పలేదు.

మా వంతు వచ్చింది. మా క్యారియరు స్టీలుది. దానికి అభ్యంతరం లేదు. ఆవిడ సంచి తెరిచి చూసి కాపలాదారు మూడు సీసాలనూ డ్రమ్ములో వేయమన్నాడు.

"ఒక్కపారి వాడి పారేసేదని రాసిండ్రు గదన్నా," అన్నదావిడ. "గీ సీసా నేను రెండేండ్ల సంది వాడుతున్న. పారెయ్యలే. మరి గిది గా లెక్కలకు ఎట్లొస్తది?"

కాపలాదారు సీసాను తిప్పి చూశాడు. రెండేళ్ళ వాడకానికి అది మసకబారి ఉంది, మెడకు ఆకుపచ్చ దారం ఉంది. ఆవిడ వాదం నాకు అభేద్యంగా కనిపించింది. అదే మాట అన్నాను కూడా. ఒక వస్తువు ఒకసారి వాడేదా కాదా అన్నది దాన్ని వాడే మనిషిని బట్టి ఉంటుంది గాని, వస్తువును బట్టి కాదు గదా అన్నాను.

"నిజమే సారు," అన్నాడు కాపలాదారు. "గని నేను గిది పోనిస్తే ఎనక ఉన్నోళ్ళంత రెండేండ్ల సంది వాడుతున్నమనే చెప్తరు. ఎవరిది నిజమో నేనేడ సూడాలె?"

ఆ వాదం కూడా అభేద్యంగానే ఉంది. 

లోపల నీళ్ళున్నాయనీ, శుద్ధి చేసే యంత్రం ఉందనీ కాపలాదారు చెప్పాడు. ఏం నీళ్ళని ఆవిడ అడిగింది. బోరు నీళ్ళన్నాడు. ఆవిడ ముఖం అక్కడితో మూసుకుపోయింది. నేను కల్పించుకున్నాను.

"చూడండమ్మా, ఫ్లోరైడ్ వల్ల హాని ఏళ్ళ తరబడి తాగితేనే. ఒక్క రోజుకు ఏమీ కాదు."

"మా అన్న గూడ దినాం ఒక్క రోజే తాగిండు సారు."

మోతాదు గురించి నేను చెప్పింది శాస్త్రం. ఆవిడ చెప్పింది కూడికల లెక్క. రెండూ తప్పు కావు. రెంటినీ ఒకచోట ఎలా నిలబెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ అంత బాగా తెలియదు.

చివరకు నా భార్య దారి చెప్పింది. క్యారియరులో పులిహోర గిన్నె ఖాళీ చేసి, కడిగి, ఆ గిన్నెలో సీసా నీళ్ళు పోసుకుందామన్నది. పులిహోర అక్కడికక్కడే అందరం తిన్నాం, కాపలాదారుకూ పెట్టాం. గిన్నెలో అరలీటరు పట్టింది. రోజంతా ఇద్దరు పిల్లలకు అది ఏ మూలకు? టికెట్టు మీద ఒకసారి లోపలికి వెళ్ళి బయటికొస్తే మళ్ళీ పోనివ్వరు. అందుకని ఆవిడ లోపలికే రానన్నది. సీసాలతో గేటు బయట కూర్చుంటుంది. గిన్నె ఖాళీ అయినప్పుడల్లా మేం గేటు దగ్గరికి వస్తే ఊచల సందులోంచి నింపుతుంది.

"సీసా లోపటికి రాదు గద అన్నా," అన్నది.

కాపలాదారు సీసానూ ఊచలనూ మార్చి మార్చి చూశాడు. "సీసాకే రూలు. నీళ్ళకు రూలు లేదు చెల్లె. కూసో."

ఆవిడ గేటు పక్కన గోడ నీడలో కొంగు పరచుకుని కూర్చుంది. సంచిలోంచి హెమ్మింగు చేయవలసిన జాకెట్టు ఒకటి తీసింది. కూతుర్ని మాకు అప్పగిస్తూ నా వైపు చూసి, "మీరున్నరు గద సారు, నాకు పరేషాన్ లేదు," అన్నది. రసాయనశాస్త్రం చెప్పే మనిషి వెంట ఉన్నాడు కనుక కూతురు ఏ నీళ్ళు పడితే ఆ నీళ్ళు తాగదని ఆవిడ నమ్మకం.

రెండుసార్లు ఆ పద్ధతి సాఫీగా నడిచింది. నా భార్య గిన్నె తీసుకెళ్ళడం, ఆవిడ ఊచల్లోంచి ధార పట్టడం, కాపలాదారు సీసా మూతి ఊచలు దాటిందా లేదా అని వంగి చూడడం. మధ్యాహ్నానికి ఎండ మండిపోయింది. అలల కొలను దగ్గర మేం వరసలో ఉన్నప్పుడు గిన్నె మళ్ళీ ఖాళీ అయింది. నా భార్య నింపుకొస్తానని వెళ్ళింది. అరగంటయినా రాలేదు. గేటు దగ్గర కొత్తగా వచ్చిన జనంతో మళ్ళీ తగాదా జరుగుతోందనీ, ఊచల దగ్గరికి చేరడమే కష్టమైందనీ తర్వాత చెప్పింది.

పాప పెదవులు ఎండిపోయాయి. మొదట నీళ్ళని అడిగింది, తర్వాత అడగడం మానేసి నేల మీద కూర్చుండిపోయింది. పిల్లలు దాహమని అడగడం మానేసినప్పుడే భయపడాలి. పది అడుగుల దూరంలో కుళాయిల వరస ఉంది. పైన "శుద్ధి చేసిన చల్లని తాగునీరు" అని రాసి ఉంది. పక్కనే కాగితం కప్పులు. ఒక కప్పు లోపలి వైపు గోటితో గీకి చూశాను. కాగితం మీద పలుచని ప్లాస్టిక్ పొర. బయట డ్రమ్ములు నింపుతున్న నిషేధం లోపలి కప్పుల దాకా రాలేదు. అది నన్ను ఒక్క క్షణం నవ్వించింది. ఆ నవ్వులోనే అసలు పరీక్షించవలసినదాన్ని మరిచిపోయాను. ఇలాంటి చోట్ల పెట్టే ఆర్‌వో రకం యంత్రం ఫ్లోరైడ్‌ను చాలావరకు తొలగిస్తుంది. అది నాకు తెలిసిన విషయం. యంత్రం ఉంది అని ఒక బోర్డు చెప్పింది. ఈ రెంటినీ కలిపి, నీళ్ళు మంచివే అనుకున్నాను. పాపకు ఒక కప్పు ఇచ్చాను. గటగట తాగి ఇంకోటి అడిగింది. ఇచ్చాను.

ఆ రెండో కప్పు కూడా అయి అరగంట దాకా గడిచాక, కుళాయిల వెనక గదిలోంచి ధన్‌మని చప్పుడు వచ్చి, ఏదో యంత్రం గుర్రుమంటూ తిరగడం మొదలైంది. అంతదాకా అది తిరగడంలేదని నాకు అప్పుడు తట్టింది. సమ్మె రోజుల్లో కరెంటు కోతలు విపరీతం. పార్కులో ఊయలలూ చక్రాలూ జనరేటరు మీద నడుస్తున్నాయి.

గది తలుపు తీసే ఉంది. లోపల నడివయసు ఎలక్ట్రీషియను ఒకాయన చొక్కా విప్పి, బనీనుతో, గొట్టాల మధ్య కూర్చుని ఉన్నాడు.

"కరెంటు లేనప్పుడు ఇది నడుస్తుందా?" అన్నాను.

"నడువది సారు. జనరేటర్ ఝూలాలకే సాల్తలేదు."

"మరి కుళాయిల్లో నీళ్ళు వస్తూనే ఉన్నాయే."

"మిద్దె మీది టాంకిల ఉన్నంతసేపు ఫిల్టర్ నీళ్ళే వస్తయ్. అవి ఒడిసినంక బైపాస్ ఇప్పుతరు, బోరు నీళ్ళు సీదా వస్తయ్. లేకుంటే జనం లొల్లి పెట్టరా?"

"ఇవాళ విప్పారా?"

"నేనొచ్చేటాలకు ఇప్పే ఉంది. ఇగో, కరెంటొచ్చింది గద, ఇప్పుడే బంద్ చేసిన."

"మీరు ఎప్పుడొచ్చారు?"

"పావుగంటైతున్నట్టుంది. గడియారం సూడలే."

"ఎప్పుడు విప్పారో తెలుస్తుందా?"

"పొద్దుటి డ్యూటీ ఆయనకే ఎర్క. రోడ్డు మీద ధర్నా ఉన్నదని ఆయన నాకంటే ముందే పోయిండు." నా ముఖం చూసి, "ఏమైంది సారు, కడుపుల తిప్పుతున్నదా?" అన్నాడు.

పాప తాగింది ట్యాంకులో మిగిలిన శుద్ధి చేసిన నీళ్ళో, బోరు నుంచి తిన్నగా వచ్చిన నీళ్ళో తెలియదు. ఆ బోరులో ఫ్లోరైడ్ ఎంతో అసలే తెలియదు. బైపాస్ ఒక్కసారి విప్పమనీ, పరీక్షకు కాసిని బోరు నీళ్ళు పట్టుకుంటాననీ అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "కరెంటుండంగ ఇప్పితే నా నౌకరి పోతది." నేను ఏ అధికారినీ కాను. ఒత్తిడి చేయలేకపోయాను. కనీసం కుళాయి నీళ్ళయినా పట్టుకుందామనుకున్నాను. గొట్టాల్లో పాతవి మిగిలి ఉండవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఫ్లోరైడ్ పరీక్షకు నీళ్ళు గాజుసీసాలో పట్టకూడదనీ, ప్లాస్టిక్ సీసాలో పట్టాలనీ ప్రయోగశాలలో నేర్పుతారు. నేనే ఎంతోమందికి నేర్పాను. ఆ పార్కు మొత్తంలో చల్లటి పానీయాల గాజుసీసాలు కావలసినన్ని ఉన్నాయి. మూతపెట్టే ప్లాస్టిక్ సీసా ఒక్కటి లేదు. ఉన్నవన్నీ గేటు దగ్గర డ్రమ్ముల్లో ఉన్నాయి. అందులో ఏ సీసాలో ఏముండేదో తెలియదు. శుభ్రమైన సీసా కావాలంటే ఒక్కరి దగ్గరే ఉంది. ఆవిడను అడగాలంటే ఎందుకో చెప్పాలి.

పిల్లల్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి చెప్పాను. కప్పులు రెండనీ, యంత్రం ఆగి ఉందేమో తెలియదనీ, ఆగి ఉండకపోవచ్చనీ చెప్పాను. ఇంత జాగ్రత్తగా చెబుతున్నకొద్దీ నా మాటలు నాకే తప్పించుకోవడంలా వినిపించాయి.

ఆవిడ సూది జాకెట్టులో గుచ్చి పక్కన పెట్టింది.  పాపను దగ్గరికి రమ్మంది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి, గడ్డం పట్టి ముఖాన్ని ఎండవైపు తిప్పి, పెదవి ఎత్తి పళ్ళు చూసింది. గంట కిందట తాగిన నీళ్ళు పళ్ళ మీద కనిపించవని చెప్పబోయి ఊరుకున్నాను.

"చేదుండెనా బిడ్డా?" అని అడిగింది.

"సల్లగుండె," అన్నది పాప.

ఆవిడ ఒక సీసాలో నీళ్ళు నేల మీద పారబోసింది. అంత నీళ్ళు ఆవిడ వృథా చేయడం నేనెప్పుడూ చూడలేదు. ఖాళీ సీసాను ఊచల దగ్గర పెట్టి కాపలాదారు వైపు చూసింది.

"ఖాళీ సీసా గూడ ప్లాస్టిక్కే గద చెల్లె," అన్నాడతను. గొంతులో బలం లేదు. పాప ముఖం చూశాడు, నన్ను చూశాడు. తర్వాత డ్రమ్ముల్లోని సీసాలను కాలితో తొక్కే నెపంతో అటు తిరిగాడు. సీసా ఊచల సందులోంచి లోపలికొచ్చింది.

కుళాయి నీళ్ళు నింపి తెచ్చేసరికి నా భార్య గేటు దగ్గరే ఉంది. పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "సీసా అక్కర్లేకపోతే ఆవిడకి చెప్పేవారా?"

"చెప్పేవాణ్ణి."

"రుజువేదండీ?" అన్నది. నా మాట నాకే అప్పజెప్పింది. 

సాయంత్రం ఆయన వచ్చాడు, ఆటో ఎక్కాం. పిల్లలిద్దరూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయారు. ఆవిడ సీసాను సంచిలో కాకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళాశాల ప్రయోగశాలలో నా మిత్రుడు పనిచేసేవాడు. సమ్మెతో కళాశాల మూతబడి ఉంది. సీసా చాలా వారాలు మా ఇంటి అలమరాలో ఉండిపోయింది. ఆ వారాల్లో ఆవిడ ఒక్కసారి కూడా దాన్ని గురించి అడగలేదు. నల్లా వచ్చిన రోజు ఎప్పటిలా సీసాలు నింపుకునేది, పదకొండే ఉండేవి. పొద్దున పాప పళ్ళు చూడడం మాత్రం రోజుకు రెండుసార్లయింది. నేను మెట్లు దిగుతూ చూసేవాణ్ణి, ఆవిడ నన్ను చూసేది.

కళాశాల తెరిచాక మిత్రుడు పరీక్ష చేశాడు. ఫ్లోరైడ్ ఉండవలసిన హద్దుకు బాగా తక్కువ. నేను ఒకసారి నమ్మక రెండోసారి కూడా చేయించాను. ఫలితం మారలేదు. ఆ కాగితం పట్టుకుని నేరుగా కింది వాటాకు వెళ్ళాను. ఆవిడ మిషను ఆపింది.

"తక్కువే ఉందమ్మా," అన్నాను.

కాగితం చేతిలోకి తీసుకుని, చదవకుండా, నన్నే అడిగింది. "గివి కరెంటొచ్చినంక పట్టిన నీళ్ళు గద సారు?"

"అవును."

"పాప తాగినవి గివేనా?"

కుట్టుపని చేసుకునే మనిషి అడిగిన ఆ ప్రశ్న మా కోచింగ్ సెంటరులో ఎవరైనా అడిగి ఉంటే ఆ పిల్లవాడిని నిలబెట్టి మెచ్చుకునేవాణ్ణి. "చెప్పలేనమ్మా," అన్నాను.

"తెల్వదని చెప్పిండ్రు. గదే మంచిది," అన్నదావిడ. అది నన్ను మన్నించడమో, ఇక నీతో పనిలేదనడమో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత కూడా పండగలకు పిండివంటలు పైకి పంపేది. ఎటైనా వెళ్ళేటప్పుడు కూతుర్ని మా ఇంట్లో వదిలేది, సీసాతో సహా వదిలేది.

ఒక ప్రశ్న మిగిలిపోయింది: ఆ రెండు కప్పుల్లో ఉన్నవి ఏ నీళ్ళు? దీనికి జవాబు రెండు చోట్ల ఉండాలి. బైపాస్ ఎప్పుడు విప్పారన్నది పొద్దుటి డ్యూటీ మనిషికి తెలియాలి. నేను మళ్ళీ వెళ్ళేటప్పటికి అతను పని మానేశాడు, ఏ ఊరో కూడా చెప్పగలిగినవాళ్ళు లేరు. అతను దొరక్కపోయినా బోరు నీళ్ళు పరీక్షిస్తే సగం జవాబు దొరికేది. హద్దులోనే ఉంటే ఏ కప్పయినా ఒకటే. కాని నేను వెళ్ళిన ఆ ఎండాకాలానికే బోరు ఎండిపోయింది, పార్కుకు ట్యాంకర్లతో నీళ్ళు తెప్పిస్తున్నారు. బోరు మీద సిమెంటు బిళ్ళ వేసి మూసేశారు. పాప ఆ రోజు తాగిన నీళ్ళు అంతకుముందే ఒంట్లో కలిసిపోయాయి. పరీక్షించడానికి ఎక్కడా ఒక చుక్క మిగల్లేదు.